బెజవాడ, గుంటూరు నుంచి నార్వే ఫ్యోర్డులకు: రూటు ఎంచుకోవడం దగ్గర్నుంచి ఓడ దిగేదాకా

నార్వే క్రూయిజ్ అనగానే ఏజెంటు ముందుగా చూపించేది ఓడలోని ఈతకొలను, థియేటరు, అద్దాల లిఫ్టులు. వాటిని పక్కన పెట్టి ఒక్క కాగితం అడగండి. ఓడ ఏ రోజు ఏ రేవుకు ఎన్నింటికి చేరుతుంది, మళ్లీ ఎన్నింటికి కదులుతుంది అని రాసి ఉండే రూటు షీటు అది. వీసా ఏ దేశానికి పెట్టుకోవాలి, ఎన్ని ఎంట్రీలు (ఆ వీసాతో ఎన్నిసార్లు లోపలికి వెళ్లొచ్చో) కావాలి, ఎలాంటి బట్టలు సర్దుకోవాలి, పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా లేదా అన్నవన్నీ ఆ కాగితాన్ని బట్టే తేలతాయి. చాలామంది డబ్బు కట్టేశాక దాన్ని చదువుతారు. అప్పటికి మార్చుకునే వీలుండదు.

పాపికొండల్లో లాంచీ ఎక్కినవాళ్లకు ఫ్యోర్డు సగం తెలిసినట్టే. రెండు పక్కలా కొండలు, మధ్యలో నీళ్లు. కాకపోతే ఇది నది కాదు, సముద్రమే. మంచుయుగంలో హిమానీనదాలు కొండల్ని అడుగంటా తొలుచుకుంటూ వచ్చాయి. మంచు కరిగిపోయాక ఆ గాడిలోకి సముద్రం చొచ్చుకొచ్చింది. సోగ్నెఫ్యోర్డు పొడవు 205 కిలోమీటర్లు, లోతు ఒకచోట 1,300 మీటర్ల పైమాటే. సూర్యలంక బీచి నుంచి సూర్యాపేటకు రోడ్డు మీద ఎంత దూరమో, రమారమి అంత దూరం సముద్రం లోపలికి వచ్చిందన్నమాట. ఒడ్డు పక్కనే అంత లోతు ఉండబట్టే నాలుగైదు వేల మందిని మోసే ఓడ కూడా రెండు వందల ఇళ్లున్న పల్లె ముంగిటికి వచ్చి ఆగగలుగుతుంది.

రూటు షీటు చదివే పద్ధతి

నార్వే రేవులు రెండు రకాలు. బెర్గెన్, స్టావాంగర్, ఒలేసుండ్, క్రిస్టియాన్‌సాండ్, హౌగెసుండ్ తీరం మీద ఉన్న ఊళ్లు. గైరాంగర్, హెల్లెసిల్ట్, ఫ్లోమ్, ఓల్డెన్, ఐద్‌ఫ్యోర్డ్ మాత్రం ఫ్యోర్డుల చివర, కొండల మధ్య ఉన్నవి. 7 రాత్రుల ప్రయాణంలో రెండో రకం రేవులు కనీసం రెండుండాలి. మూడుంటే మంచి రూటు. ఆస్లో, క్రిస్టియాన్‌సాండ్, స్టావాంగర్, బెర్గెన్ అని మాత్రమే ఉంటే అది ఊళ్లు తిరిగే ప్రయాణం. ఆస్లో ఫ్యోర్డు పొడవైనదే గానీ దాని ఒడ్డున ఉన్నవి చిన్న గుట్టలు. ఫొటోల్లో చూసి మురిసిపోయిన నిలువు కొండలు అక్కడ ఉండవు.

తరవాత గంటలు లెక్కపెట్టండి. ఫ్లోమ్‌లో ఓడ 8 గంటలు ఆగితే రైలు ఎక్కి, పడవలో కూడా తిరిగి రావచ్చు. 5 గంటలే ఆగితే రెండింట్లో ఒకటే. షీటులో హెల్లెసిల్ట్, గైరాంగర్ రెండూ ఒకే రోజు కనిపిస్తే ఓడ మొదటి చోట విహారం బుక్ చేసుకున్నవాళ్లను దించి, రెండో చోట ఎక్కించుకుంటుందని అర్థం కావచ్చు. అక్కడ ఎంతసేపు ఆగుతుందో, అందరినీ దిగనిస్తారో లేదో విడిగా అడగండి. వాతావరణం బాగోకపోతే రేవు మార్చే హక్కు ప్రతి కంపెనీ ఒప్పందంలోనూ ఉంటుంది. అలా మార్చినప్పుడు రేవు పన్ను వెనక్కి వస్తుంది గానీ పూర్తి డబ్బు రాదు.

ఎక్కడ ఎక్కాలన్నది ఇంకో ప్రశ్న. జర్మనీలోని కీల్, హాంబుర్గ్, డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్, నెదర్లాండ్స్ రేవుల నుంచి బయల్దేరే ఓడలకు ఒక్క షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) సరిపోతుంది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుంచి వెళ్లే ఓడలు ధర తక్కువగా కనిపించినా మనకు బ్రిటన్ వీసా ఒకటి, షెంగెన్ వీసా ఒకటి కావాలి. రెండింటి ఫీజులు, రెండుసార్లు వేలిముద్రలు, పాసుపోర్టు రెండు చోట్ల ఉండే వారాలు కలుపుకుంటే ఆ తగ్గింపు మిగలదు. బంధువులు లండన్‌లో ఉండి ఎలాగూ అక్కడికి వెళ్తున్నవాళ్లకే అది లాభం. కొన్ని రూట్లలో షెట్‌లాండ్, ఓర్క్నీ దీవులు తగులుతాయి. అవీ బ్రిటనే. ఇంకా ఉత్తరాన స్వాల్‌బార్డ్ ఉంటే మరో మెలిక ఉంది. అది నార్వేదే అయినా షెంగెన్‌లో లేదు. అక్కడికి వెళ్లి తిరిగి నార్వేలో అడుగుపెట్టాలంటే కనీసం రెండు ఎంట్రీల వీసా ఉండాలి.

పెద్ద ఓడ ఇష్టం లేనివాళ్లకు తీరప్రాంతపు ఓడలు ఉన్నాయి. హుర్టిగ్రూటెన్ కంపెనీ 1893 నుంచి, హవీలా కంపెనీ 2021 నుంచి బెర్గెన్, కిర్కెనెస్ మధ్య నడుపుతున్నాయి. 34 రేవులు, రానుపోను 12 రోజులు. ఈతకొలను ఆటలు, ప్రదర్శనలు ఉండవు. స్థానికులు, సరుకులు, పర్యాటకులు ఒకే ఓడలో వెళ్తారు. చాలా రేవుల్లో అరగంట, గంట మాత్రమే ఆగుతుంది, కొన్ని అర్ధరాత్రి వస్తాయి. కిటికీ పక్కన కూర్చుని తీరం చూస్తూ ఉండగలిగేవాళ్లకు ఇంతకన్నా మంచి ప్రయాణం లేదు. పదేళ్ల పిల్లలతో మాత్రం వద్దు.

ఇంకో సంగతి. గైరాంగర్, నారొయ్ ఫ్యోర్డులు 2005లో యునెస్కో జాబితాలో చేరాయి. ఆ ప్రాంతంలోని ఫ్యోర్డుల్లోకి 10,000 గ్రాస్ టన్నుల (ఓడ పరిమాణానికి కొలత) లోపు ప్రయాణికుల ఓడలు పొగ వదలకుండానే రావాలన్న నిబంధన 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పెద్ద ఓడలకు 2032 దాకా గడువు ఇచ్చారు. అంటే గైరాంగర్, ఫ్లోమ్ రూట్లు పెద్ద ఓడలకు ఇప్పటికి ఉన్నాయి. ముందుముందు ఏ ఓడకు ఉంటాయో కంపెనీ ఎంచుకునే ఇంధనాన్ని బట్టి ఉంటుంది.

ఏ నెలలో

మే రెండో సగం నుంచి జూన్ ఆఖరు దాకా జలపాతాలు నిండుగా ఉంటాయి. కొండల మీద మంచు కరిగే సమయం అది. గైరాంగర్‌లోని ఏడుగురు అక్కచెల్లెళ్ల జలపాతం జూన్‌లో ఏడు పాయలుగా దూకుతుంది. ఆగస్టు చివరికి మూడో నాలుగో పాయలే మిగలొచ్చు. జూలై కాస్త వెచ్చగా ఉంటుంది, ధరలు, జనం ఎక్కువ. సెప్టెంబరులో అడవి రంగు మారుతుంది, ధర దిగుతుంది, ఉత్తర సముద్రం అలజడి పెరుగుతుంది. మన పిల్లల వేసవి సెలవులకు మే ఆఖరి వారం బాగా కుదురుతుంది. అయితే డాల్స్‌నిబ్బా లాంటి ఎత్తైన రోడ్లు మంచుతో అప్పటికి తెరుచుకోకపోవచ్చు.

అర్ధరాత్రి సూర్యుడు అన్ని రూట్లలోనూ కనిపిస్తాడని కొందరు ఆశపెడతారు. ఆర్కిటిక్ వృత్తం దాటితేనే కనిపిస్తాడు. బెర్గెన్, గైరాంగర్ దానికి దక్షిణాన ఉన్నాయి. జూన్‌లో అక్కడ రాత్రి 11 దాకా వెలుగు ఉంటుంది, చీకటి పూర్తిగా పడదు, అంతే. ఆ దృశ్యమే కావాలంటే ట్రొమ్సో, నార్త్ కేప్ దాకా వెళ్లే 10 నుంచి 14 రోజుల రూటు చూసుకోవాలి.

వీసా

నియమం చిన్నది: ఏ షెంగెన్ దేశంలో ఎక్కువ రోజులు గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. కీల్‌లో ఎక్కి నార్వేలో నాలుగు రేవులు తిరిగి కీల్‌లో దిగేవాళ్లు, ముందూ వెనకా హాంబుర్గ్‌లో మూడేసి రాత్రులు ఉంటే లెక్క జర్మనీ వైపు మొగ్గుతుంది. ఒక్క రాత్రే ఉంటే నార్వే వైపు. తేదీ, ఆ రాత్రి ఏ దేశం అని రెండు నిలువు వరసల పట్టిక ఒకటి రాసి కవరింగ్ లెటరుతో జతచెయ్యండి. అధికారి లెక్క మీరే వేసిపెట్టినట్టవుతుంది.

నార్వేకైతే ముందు ఆ దేశపు వలస శాఖ యూడీఐ పోర్టల్‌లో ఫారం నింపి, అక్కడే కార్డుతో ఫీజు కట్టి, తరవాత వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సంస్థలో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. మనకు అందుబాటులో ఉన్నది హైదరాబాద్ కేంద్రం. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు లేదు. వీఎఫ్ఎస్ రుసుం అదనం. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేల్చాలి, అవసరమైతే 45 రోజుల దాకా తీసుకోవచ్చు. మే, జూన్ ప్రయాణాలకు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి సంక్రాంతి అయిన వెంటనే మొదలుపెడితే నిమ్మళం.

పాసుపోర్టు పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి, యూరప్ నుంచి తిరిగి వచ్చే తేదీ తరవాత కనీసం 3 నెలలు చెల్లుబాటు ఉండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు తీసుకోవాలి. ఇది వీసా కోసం కనీసం మాత్రమే. ఓడలో డాక్టరు ఫీజు, సముద్రం మీద నుంచి హెలికాప్టర్‌లో తరలింపు పాలసీలో రాసి ఉన్నాయో లేదో విడిగా చూడండి. అరవై దాటిన వాళ్లకు, బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ముందునుంచి ఉన్న జబ్బులు కూడా కవరయ్యే పాలసీ కొంచెం ఖరీదైనా అదే తీసుకోండి. ఓడలో వైద్యం ఉచితం కాదు.

మన ప్రాంతపు దరఖాస్తులు చిక్కుల్లో పడే చోట్లు మూడు.

ఒకటి, బ్యాంకు ఖాతా. అపాయింట్‌మెంటుకు వారం ముందు నాలుగైదు లక్షలు ఒకేసారి నగదుగా జమ చేస్తే అది అప్పు తెచ్చి చూపించినట్టే కనిపిస్తుంది. మిర్చి, పత్తి అమ్మిన డబ్బు నిజంగానే ఒకేసారి వస్తుంది. అలాంటప్పుడు యార్డు తక్‌పట్టీలు, పట్టాదారు పాసుపుస్తకం, వాటి ఇంగ్లీషు అనువాదాలు జతచేసి, ఏ జమ ఏ అమ్మకానిదో ఒక్కో వాక్యంలో రాయండి. వ్యాపారులు జీఎస్టీ రిజిస్ట్రేషను, మూడేళ్ల ఐటీ రిటర్నులు, ఉద్యోగులు సెలవు మంజూరు పత్రం, జీతం స్లిప్పులు పెట్టాలి.

రెండు, ఇంటిపేరు. చాలామంది పాసుపోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా ఇంటిపేరూ పేరూ ఒకే గడిలో ఉంటాయి. ఓడ టికెట్టు, విమానం టికెట్టు, బీమా మూడింట్లోనూ పేరు పాసుపోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒకచోట పొడి అక్షరాలు, మరోచోట పూర్తి ఇంటిపేరు ఉంటే రేవులో చెకిన్ దగ్గర ఆపేస్తారు. తేడా ఉంటే డబ్బు మొత్తం కట్టకముందే సరిచేయించుకోవాలి. గడి ఖాళీగా ఉన్నవాళ్లు ప్రయాణానికి ఏడాది ముందే పాసుపోర్టు కొత్తగా తీయించుకోవడం మేలు.

మూడు, పిల్లలు. అమ్మానాన్నల్లో ఒకరే వెంట వెళ్తుంటే రెండోవారి నోటరీ చేయించిన అంగీకారపత్రం కావాలి. తాతా అమ్మమ్మలతో పంపుతుంటే ఇద్దరిదీ. ఓడల్లో సాధారణంగా 6 నెలల లోపు పసిపిల్లల్ని ఎక్కించుకోరు. ప్రయాణం ముగిసేనాటికి 24 వారాలు నిండే గర్భిణులనూ అంతే.

టికెట్టు, డబ్బు

ఓడ ధరలో ఏముంది, ఏం లేదు అని రాతపూర్వకంగా అడగండి. సాధారణంగా గది, బఫే, పెద్ద డైనింగ్ హాలు భోజనం ఉంటాయి. ఒడ్డు మీద విహారాలు, సీసా పానీయాలు, ఇంటర్నెట్టు, సర్వీస్ ఛార్జి చాలా కంపెనీల్లో విడి. సర్వీస్ ఛార్జి మనిషికి రోజుకు 12 నుంచి 20 యూరోల మధ్య ఉంటుంది. నలుగురి కుటుంబానికి వారం రోజులకు లెక్కేసుకుంటే చిన్న మొత్తం కాదు. గదిలో మూడో, నాలుగో మనిషికి ధర బాగా తగ్గుతుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లు దాదాపు ఇద్దరి ధర కట్టాలి. ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్, పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద నమోదవుతుంది, రిటర్ను వేసేటప్పుడు సర్దుకుంటుంది. అందుకే ఎవరి పాన్ ఇస్తున్నారో ఆలోచించి ఇవ్వండి.

ఓడలో నగదు నడవదు. ఎక్కినరోజు ఒక కార్డు నమోదు చేస్తారు, ఖర్చంతా గది కార్డు మీద పడుతుంది. ఇక్కడ డెబిట్ కార్డు గానీ ఫారెక్స్ కార్డు గానీ ఇవ్వొద్దు. ఖర్చు పెట్టకముందే ఓడవాళ్లు కొంత మొత్తాన్ని ఆపి ఉంచుతారు, అది విడుదలవడానికి వారాలు పట్టొచ్చు. ఈలోగా ఒడ్డు మీద ఆ కార్డులో డబ్బులుండవు. ఓడకు క్రెడిట్ కార్డు, ఒడ్డుకు ఫారెక్స్ కార్డు అని విడదీసుకోండి. నార్వేలో యూరో చెల్లదు, వాళ్ల సొంత డబ్బు క్రోన్ నడుస్తుంది. పబ్లిక్ టాయిలెట్టుకు కూడా కార్డే గీకుతారు కాబట్టి నోట్లు మార్చుకోవాల్సిన పని దాదాపు లేదు.

విమానం విషయంలో ఒకే నియమం: ఓడ ఎక్కే రోజుకు కనీసం ఒకరోజు ముందు ఆ ఊళ్లో ఉండాలి. దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం తప్పినా, సూట్‌కేసు వెనకబడినా ఓడ ఆగదు. తరవాతి రేవు రెండురోజుల ప్రయాణం అవతల ఉంటుంది, అక్కడికి మీ ఖర్చుతో వెళ్లాలి. యూరప్‌లో మొదట దిగే విమానాశ్రయంలో ఇప్పుడు వేలిముద్రలు, ఫొటో తీసుకునే ఈఈఎస్ పద్ధతి ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు అది కొంత సమయం తింటుంది కాబట్టి అక్కడ విమానం మారడానికి మూడు గంటలు ఉంచుకోండి. లండన్ మీదుగా టికెట్టు తీసుకుంటే విమానం మారడానికే బ్రిటన్ ట్రాన్సిట్ వీసా అడుగుతారు. గల్ఫ్ మీదుగా ఆ బెడద లేదు. బెజవాడ నుంచి కారులో శంషాబాద్ వెళ్లేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. పండగ రోజుల్లో టోల్ గేట్ల దగ్గర ఆలస్యాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

గది ఎంపిక, కడుపులో తిప్పడం

ఫ్యోర్డు లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. కుదుపంతా జర్మనీకీ నార్వేకీ మధ్య బయటి సముద్రంలోనే. ఓడ పొడవుకు మధ్యలో, కింది అంతస్తుల్లో ఉన్న గదులు తక్కువ ఊగుతాయి. ముందు భాగం, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. ఊయలకు బరువు కట్టిన చోటికీ తాడు కట్టిన చోటికీ ఉన్న తేడా లాంటిదే ఇది. గ్యారంటీ గది అని తక్కువకు ఇచ్చేవాటిలో ఎంపిక కంపెనీది, ఎక్కడైనా రావచ్చు.

బాల్కనీ గది కావాలా? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అక్కర్లేదు. ఫ్యోర్డును చూడాల్సింది పై డెక్కు ముందు భాగం నుంచి. అక్కడైతే రెండు కొండలూ కలిపి కనిపిస్తాయి. కానీ చల్లగాలిలో గంటసేపు నిలబడలేని పెద్దవాళ్లుంటే బాల్కనీకి పెట్టిన డబ్బు వృథా కాదు. కుడివైపా ఎడమవైపా అని బెంగ వద్దు, ఫ్యోర్డులోకి వెళ్లిన దారినే ఓడ బయటికి వస్తుంది. కిటికీ ఉండి లైఫ్‌బోటు అడ్డొచ్చే గదులు కొన్ని ఉంటాయి, బుక్ చేసేటప్పుడు అడగండి.

కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర కుదుపు మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచెయ్యదు. ఓడ బయటి సముద్రంలోకి వెళ్లడానికి గంట ముందు వేసుకోవాలి. అవోమిన్ లాంటివి నిద్ర తెప్పిస్తాయి. ప్రోస్టేట్, గ్లకోమా ఉన్నవాళ్లకు సరిపడకపోవచ్చు కాబట్టి డాక్టరును అడిగి తీసుకెళ్లండి. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. బిస్కెట్లు, మరమరాలు తిని, కిందికి చూడకుండా దూరంగా కనిపించే అంచు మీద చూపు నిలిపితే తేలికపడుతుంది. నోరోవైరస్ ఓడల్లో త్వరగా పాకుతుంది. శానిటైజరు దానిమీద అంతగా పనిచెయ్యదు, బఫేకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పచ్చళ్లు, పొడులు

ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. యూరప్ దేశాల బయటి నుంచి మాంసం, పాలతో చేసిన పదార్థాలు నార్వేలోకీ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లోకీ తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా, మజ్జిగ మిరపకాయలు, నాటుకోడి పచ్చడి ఇంట్లోనే ఉండాలి. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు కూడా ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్లకూడదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి, జంతికలు, నూనెతో చేసిన అరిసెలు తీసుకెళ్లొచ్చు. పచ్చడి కొట్లో యంత్రంతో సీలు వేయించి, పదార్థాల పేర్లు ఇంగ్లీషులో ఉన్న లేబులు అతికించుకోండి. ఇంట్లో డబ్బాలో పెట్టినవాటిని ఓడ ఎక్కేటప్పుడు తీసేయించే అవకాశం ఎక్కువ. పచ్చడి చేతిసంచిలో పెట్టొద్దు, 100 మిల్లీలీటర్ల నియమం దానికీ వర్తిస్తుంది. పెట్టెలో పెట్టేటప్పుడు ఒక్కో ప్యాకెట్టు 200 గ్రాములకు మించకుండా, రెండు కవర్లలో చుట్టి, బట్టలకు దూరంగా ఉంచాలి. నూనె కారితే ఒక్క బట్టా మిగలదు.

రైస్ కుక్కరు, కెటిల్, ఇస్త్రీపెట్టె ఓడలోకి రానివ్వరు. స్కానింగులో పట్టుకుని దిగేదాకా తమ దగ్గరే ఉంచుకుంటారు. అన్నం బఫేలో ఉంటుంది గానీ మన సోనామసూరి రుచి ఆశించవద్దు. శాకాహారులు ఆ మాట బుకింగులోనే రాయించి, ప్రయాణానికి నెల ముందు మళ్లీ ఖరారు చేసుకోవాలి. ఎక్కిన మొదటి సాయంత్రం డైనింగ్ హాలు పెద్దను కలిసి గుడ్డు, చేప, మాంసం రసం ఏదీ వద్దని విడివిడిగా చెప్పండి. శాకాహారం అంటే చేపలు తింటారనుకునేవాళ్లు అక్కడ ఉంటారు. చాలాచోట్ల రేపటి భోజనం ఈరోజే చెబితే పప్పో కూరో ప్రత్యేకంగా వండిపెడతారు. ఒడ్డు మీద హోటల్ భోజనం చాలా ఖరీదు. కివి, రెమా 1000, కోప్ దుకాణాల్లో బ్రెడ్డు, పెరుగు, అరటిపళ్లు తీసుకుంటే పూట గడుస్తుంది. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసా కొనొద్దు.

రేవుల్లో

గైరాంగర్ ఫ్యోర్డు 15 కిలోమీటర్లే. ఓడ అందులోకి చాలాసార్లు తెల్లవారుజామున ప్రవేశిస్తుంది. ఎన్ని గంటలకో ముందురోజు రాత్రి గదికి వచ్చే కాగితంలో చూసి అలారం పెట్టుకోండి. ప్రయాణం మొత్తంలో నిద్ర పాడుచేసుకోదగ్గ గంట అదొక్కటే. ఏడుగురు అక్కచెల్లెళ్లకు ఎదురుగా అవతలి ఒడ్డున దూకే జలపాతం పేరుకు అర్థం పెళ్లి చేసుకోమని అడిగేవాడు. కొండ అంచుల మీద వదిలేసిన పొలాలు, ఇళ్లు కనిపిస్తాయి. అంత నిలువు కొండ మీద మనుషులు కాపురం ఉన్నారంటే చూస్తేగాని నమ్మలేం. ఊళ్లో ఓడలు చాలావరకు మధ్యలో లంగరు వేసి చిన్న పడవల్లో దించుతాయి. ఓడ కంపెనీ విహారం తీసుకున్నవాళ్లు ముందు దిగుతారు. సొంతంగా వెళ్లేవాళ్లు టోకెను తీసుకోవాలి, గంటకు పైగా పట్టొచ్చు. పడవలోకి అడుగు వేసేటప్పుడు కుచ్చిళ్లు అడ్డొస్తాయి కాబట్టి ఆ రోజు చీరకన్నా పంజాబీ డ్రెస్సు, ప్యాంటు మేలు. దిగాక రెండు దారులున్నాయి: 1,476 మీటర్ల ఎత్తున ఉన్న డాల్స్‌నిబ్బా, 11 మలుపుల గద్దల రోడ్డు. మబ్బు కిందికి దిగి ఉంటే డాల్స్‌నిబ్బా మీద తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు గద్దల రోడ్డుకే వెళ్లండి.

ఫ్లోమ్‌లో రైలు 20 కిలోమీటర్లలో 866 మీటర్లు ఎక్కుతుంది, 20 సొరంగాలు, పైకి గంట. మధ్యలో చోస్‌ఫొస్సెన్ జలపాతం దగ్గర దిగి చూడనిస్తారు, తుంపర తడిపేస్తుంది. ఓడలు వచ్చే రోజుల్లో టికెట్లు అయిపోతాయి, నెలల ముందే తీసుకోండి. రైలుకన్నా నాకు విలువైనదిగా తోచేది నారొయ్‌ఫ్యోర్డు పడవ. విద్యుత్తుతో నడిచే పడవ గుడ్‌వాంగెన్ దాకా రెండు గంటలు వెళ్తుంది, బస్సులో సొరంగాల గుండా తిరిగి రావచ్చు. ఆ ఫ్యోర్డు ఇరుకైన చోట వెడల్పు 250 మీటర్లే, అంటే ప్రకాశం బ్యారేజీ పొడవులో అయిదో వంతు. రెండూ కావాలంటే రైలుకు రెండుంపావు, పడవకూ బస్సుకూ మూడు, మధ్యలో వేచి ఉండే సమయం కలిపి ఆరున్నర గంటలు పడుతుంది.

ఓల్డెన్‌లో బ్రిక్స్‌డాల్ హిమానీనదం దగ్గరికి బస్సు దిగాక ఒకవైపు 3 కిలోమీటర్ల నడక. నడవలేనివాళ్లకు ట్రోల్ కార్లు ఉన్నాయి, అవి కూడా చివరి కొద్ది దూరానికి దించేస్తాయి. పక్కనే లోయెన్‌లో 1,011 మీటర్ల కొండ మీదికి రోప్‌వే 2017లో మొదలైంది, అయిదారు నిమిషాల్లో పైన ఉంటారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు ఇదే సరైనది.

స్టావాంగర్ దగ్గరి ప్రేకెస్టూలెన్ బండ 604 మీటర్ల ఎత్తు. రానుపోను 8 కిలోమీటర్లు, రాళ్ల మెట్లు, 4 నుంచి 5 గంటలు. ఓడ 9 గంటలకన్నా తక్కువ ఆగితే సొంతంగా పోవద్దు. అదే బండను కిందినుంచి చూపించే లీసెఫ్యోర్డు పడవ మూడు గంటల్లో తిరిగి తెస్తుంది. బెర్గెన్‌లో వాన ఏడాదికి 200 రోజులకు పైగా ఉంటుంది. మబ్బు విడిచిన క్షణంలో ఫ్లోయెన్ కొండ రైలెక్కి, వాన పడేటప్పుడు బ్రిగ్గెన్ చెక్క ఇళ్ల సందుల్లో తిరగండి.

సొంతంగా వెళ్తే గడియారం మీదే ఉండాలి చూపు. ఓడ కదలడానికి అరగంట ముందే తలుపు మూస్తారు. నార్వే వేసవి సమయం మనకన్నా మూడున్నర గంటలు వెనక. ఫోను భారత సమయంలో ఉండిపోతే తప్పు లెక్క వస్తుంది, ఓడ సమయం చేతిగడియారంలో పెట్టుకోండి. ఓడ కంపెనీ విహారం ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంత టాక్సీ ఆలస్యమైతే ఆగదు. దిగేటప్పుడు పాసుపోర్టు ఫొటోకాపీ, రేవు ఏజెంటు ఫోను నంబరు వెంట ఉంచుకోండి.

బట్టలు, ఫోను

జూలైలో కూడా పగలు 12 నుంచి 19 డిగ్రీలు. చలికన్నా గాలీవానా ఇబ్బంది పెడతాయి. ఒంటికి ఆనుకుని నూలు బనియను వద్దు, తడిస్తే ఆరదు. ఉన్నిదో సింథటిక్‌దో లోపల, దానిమీద ఫ్లీస్, పైన తల కప్పే వాటర్‌ప్రూఫ్ జాకెట్టు, ఇలా మూడు పొరలు. గొడుగు గాలికి నిలవదు. బీసెంట్ రోడ్డులో కొన్న స్వెట్టరు రెండో పొరగా సరిపోతుంది, మూడో పొర మాత్రం కుట్లు టేపు చేసినదే కొనండి. బూట్లు పట్టు ఉన్నవి, రెండు వారాల ముందు నుంచే వేసుకుని నడిచినవి కావాలి. ప్లగ్గు గుండ్రటి రెండు పుల్లల యూరప్ రకం, మన మూడు పుల్లలది పట్టదు.

ఓడ రేవు వదిలిన వెంటనే ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే అది ఓడ మీది శాటిలైట్ నెట్‌వర్కును పట్టుకుంటుంది, రోమింగ్ ప్యాకులు చాలావరకు దానికి వర్తించవు, బిల్లు వేలల్లో వస్తుంది. యూరప్ ఈసిమ్ కొనేటప్పుడు దేశాల జాబితాలో నార్వే పేరు ఉందో లేదో చూడండి, నార్వే ఈయూలో లేదు.

చివరి రాత్రి పెట్టెలకు రంగు ట్యాగులు కట్టి, వాళ్లు చెప్పిన వేళకల్లా గది బయట పెట్టమంటారు. పొద్దున అవి రేవులోనే దొరుకుతాయి. పాసుపోర్టు, మందులు, మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు ఆ పెట్టెలో వేసి పంపేస్తే పొద్దున నైటీతోనూ లుంగీతోనూ దిగాల్సి వస్తుంది, వాటిని చేతిసంచిలో పెట్టుకోండి. ఓడ ఖాతా బిల్లు అదే రాత్రి వరస తప్పకుండా చదవండి. ఓడ దిగాక సవరించుకోవడానికి ఈమెయిళ్ల మీద నెలలు పడుతుంది, అదే కౌంటరు దగ్గరైతే పది నిమిషాల పని. తిరుగు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తరవాతదే తీసుకోండి. కీల్‌లో దిగితే హాంబుర్గ్ విమానాశ్రయానికి బస్సులో గంటన్నర పడుతుంది.